టిక్కు పెట్టిన ఆదివారాలు

నా దగ్గర నాలుగు పాత లెన్సులు ఉన్నాయి. నాలుగూ యాభై మిల్లీమీటర్లవే. ఒకటి జర్మనీలో చేసినది, ఒకటి రష్యాలో, తక్కిన రెండూ జపానులో. జపాను లెన్సుల్లో ఒకటి చేతికి బరువు తెలిసేంత పెద్దది, ఇంకొకటి చిన్నది. నా పుస్తకాల్లో వాటి పేర్లు కూడా అవే: జర్మనీ, రష్యా, పెద్ద జపాను, చిన్న జపాను. అన్నీ రేంజ్‌ఫైండర్ కెమెరాల కోసం చేసినవి. ఆ కెమెరాల్లో లెన్సు చూసేది మన కంటికి కనబడదు. పక్కనున్న చిన్న కిటికీలో ఒకే మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. రింగు తిప్పి ఆ ఇద్దరినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు.

మా ఇంటావిడ ఒకసారి వంటింట్లోంచి అడిగింది: “ఒకే సైజు గరిటెలు నాలుగు తెచ్చిపెడితే మీరు నన్ను ఏమంటారు?”

“అవి గరిటెలు కావు. ఒకే అక్షరం నలుగురు రాస్తే నాలుగు మాదిర్లుగా ఉండదా? ఇదీ అంతే.”

“చదివేదానికి వస్తే చాలు కదా,” అని ఆమె పోపు వేసుకుంది.

ఉద్యోగంలో చేరిన వారం నుంచి నేను డైరీ రాస్తున్నాను. ఒక మెషిన్ టూల్స్ ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ విభాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. టూల్ రూమ్ నుంచి వచ్చిన ప్రతి ముక్కనూ కొలిచి, కొలత లోపల ఉంటే పాస్, బయట ఉంటే రిజెక్ట్ అని రాయడమే నా పని. రిటైరయ్యాక కొలవడానికి ఏమీ లేక లెన్సుల్లో పడ్డాను. వాటికి వేరే రిజిస్టరు పెట్టాను. ఏ లెన్సు ఎప్పుడు వచ్చింది, ఏ అద్దం మీద ఏ గీత ఉంది, ఎప్పుడు విప్పి శుభ్రం చేశాం అన్నవి రిజిస్టరులో. వాటితో తీసిన ఫోటోల గురించి నా అభిప్రాయాలు డైరీలో. ఆ రెండూ వేర్వేరు అరల్లో ఉంటాయి. జరిగిన సంగతికి ఆ అరలు కూడా కొంత కారణం.

నా స్నేహితుడు అదే ఫ్యాక్టరీలో టూల్ రూమ్ టర్నరు, లేత్ యంత్రం మీద లోహాన్ని తిప్పి కోసేవాడు. మా తాతలు నేతపని మీద బెంగళూరు వచ్చారు, వాళ్ళవాళ్ళు హిందూపురం వైపు నుంచి. ఉద్యోగం వదిలాక అతను పీణ్య పారిశ్రామికవాడలో ఒక చిన్న షెడ్డులో లేత్ పెట్టుకున్నాడు. ఇప్పటికీ రోజూ వెళ్తాడు. “ఇంట్లో కూర్చుంటే చేతులు తుప్పు పడతాయప్పా” అంటాడు.

పాత లెన్సులను కొత్త డిజిటల్ కెమెరాకు తగిలించాలంటే మధ్యలో ఒక అడాప్టర్ రింగు కావాలి. ఈ లెన్సులకు కూర్చునే అంచు నుంచి ఫిల్ము దాకా ఇరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్ల దూరం ఉండాలి. నా కెమెరాలో ఉన్నది పద్దెనిమిదే. తక్కువైన పది పాయింట్ ఎనిమిదీ ఆ రింగు మందం. బజారులో దొరికే రింగును మైక్రోమీటరుతో కొలిస్తే మందం తక్కువ వచ్చింది, పైగా ఒక పక్క ఒక మాదిరి, ఇంకో పక్క ఇంకో మాదిరి. నా స్నేహితుడికి చూపించాను. వారం తిరగకుండా ఇత్తడిలో ఒకటి తిప్పి తెచ్చాడు. నాలుగు చోట్ల కొలిచాను. నాలుగు చోట్లా నూరో వంతు మిల్లీమీటరు కూడా తేడా లేదు.

“ఏమప్పా, పాసా రిజెక్టా?” అన్నాడు.

“పాస్.”

“దేవుడా! ముప్పై ఏండ్లకు నీ నోట్లోంచి ఆ మాట వచ్చె. ఉండు, ఇంట్లో చెప్పి పాయసం చేయిస్తా.”

లెన్సులను పోల్చే పని ఆ రింగుతోనే మొదలైంది. పోల్చడమంటే పక్కపక్కన పెట్టి ఇది బాగుంది, అది బాగుంది అనడం కాదు. ఇది జర్మనీ అని ముందే తెలిస్తే కన్ను జర్మనీనే చూస్తుంది. ముక్క ఎవరు చేశారో తెలియకుండా కొలవాలని ఫ్యాక్టరీలో మాకు నేర్పారు. అదే పద్ధతి ఇక్కడా పెట్టాను.

మా ఇల్లు మడివాళలో, మార్కెట్ వెనక. మిద్దె మీద నుంచి చూస్తే ఎదురుగా ఒక పీజీ హాస్టలు గోడ, దాని మీద కన్నడ బోర్డు, కమ్మీలకు ఆరేసిన టవళ్ళు, వెనకాల పై అంతస్తులో కడిగి బోర్లించిన స్టీలు ప్లేట్లు కనబడతాయి. హాస్టలు ఆయన్ను అడిగి, మనుషులు పడకుండా గోడ, బోర్డు, టవళ్ళు, ప్లేట్లు మాత్రమే వచ్చేలా కెమెరా స్టాండు బిగించాను. ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు నా స్నేహితుడు ఒక్కడే మిద్దె ఎక్కుతాడు. నాలుగు లెన్సులనూ తనకు తోచిన వరుసలో ఒక్కొక్కటే తగిలించి, లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం పూర్తిగా తెరిచి, బోర్డు మీద ఫోకస్ చేసి నాలుగు ఫోటోలు తీస్తాడు. ఏది ముందు, ఏది వెనక అన్నది చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటాడు. పాత లెన్సులకు కరెంటు తీగలేమీ ఉండవు కాబట్టి ఏ లెన్సు తగిలించారో కెమెరాకు తెలియదు, ఫోటోలో రాయదు. ఆ సంగతి చెప్పగలిగేది చీటీ ఒక్కటే.

తర్వాత కిందికి దిగుతాడు. కంప్యూటరు తెర మీద నాలుగు ఫోటోలూ చూసి ఏది ఏ లెన్సో నేను చెబుతాను. పెద్దది చేసి చూడకూడదని నియమం పెట్టుకున్నాను. పెద్దది చేస్తే గీతలూ పెచ్చులూ పట్టిస్తాయి, అది కన్ను గొప్పతనం కాదు. నేను చెప్పాక అతను జేబులోంచి చీటీ తీసి చూసి “సరి” అంటాడు. నేను డైరీలో టిక్కు పెడతాను. చీటీలు అతనే పీణ్యకు తీసుకెళ్ళి ఒక డబ్బీలో వేస్తానన్నాడు. చీటీ నా ఇంట్లో ఉంటే నేను ముందే చూస్తానేమోనని ఎవరూ అనకూడదని, ఆ ఏర్పాటు కూడా నేనే చేశాను.

మొదట్లో కొన్ని తప్పులు చెప్పాను. “ఇంకోతూరి చూడప్పా” అనేవాడు. మళ్ళీ చూసి మార్చి చెబితే “ఆ, సరి” అనేవాడు. నెలలు గడిచేకొద్దీ ఆ ఇంకోతూరిలు తగ్గాయి. ఆరు నెలలకు వరుసగా ఐదు ఆదివారాలు ఒక్క తప్పూ లేదు. ఆ రోజుల డైరీ ఇప్పుడు చదివితే నాకే మొహం చెల్లదు. “జర్మనీ: బోర్డు అక్షరాల అంచులు కోసినట్టు, నీడల్లో చల్లదనం.” “రష్యా: టవలు మడతల మీద వెన్న రాసినట్టు మెత్తదనం, వెనకాల ప్లేట్ల మెరుపు మెల్లగా తిరుగుతున్నట్టు.” రెండేళ్ళలో ఇలాంటివి మూడు పుస్తకాలు నిండాయి. కన్ను కూడా ముక్కలు కొలిచే గేజి లాంటిదే, అలవాటు చేస్తే నూరో వంతు పట్టుకుంటుందని నమ్మాను. వయసు మీద పడుతున్నప్పుడు తగ్గేవే తప్ప పెరిగేవి ఎవరికైనా ఎన్ని ఉంటాయి? నాకు ఒకటి పెరుగుతోందని అనుకున్నాను.

మా ఫోటోగ్రఫీ సంఘం పత్రికలో దాని మీద ఒక వ్యాసం రాశాను. సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, నెలాఖరు సమావేశంలో గంటసేపు మాట్లాడమన్నారు. లెన్సులకు చేతిరాత ఉంటుందా అన్నది విషయం. “మీ రికార్డు ఉంది కదా సార్, మాలాంటివాళ్ళం చెబితే ఊహ అంటారు, మీరు చెబితే రుజువు,” అన్నారామె. ఆ మాట డైరీలో రాసి కింద గీత గీశాను.

ఉపన్యాసానికి ఫోటోలు ఎంచుతూ, ఒక్కొక్క ఆదివారానికి ఏ లెన్సు ఏ స్థితిలో ఉందో పక్కన వేస్తే బాగుంటుందనిపించింది. మొదటిసారి డైరీనీ రిజిస్టరునూ బల్ల మీద పక్కపక్కన తెరిచాను.

రిజిస్టరులో రష్యా పేజీ ఇలా ఉంది: “ఫోకస్ రింగు గ్రీజు గట్టిపడింది. శుక్రవారం పీణ్యకు ఇచ్చాను.” దాని కింద వరుస: “బుధవారం తిరిగి ఇచ్చాడు. గ్రీజు దొరకక ఐదు రోజులు విప్పి ట్రేలోనే పెట్టినానన్నాడు.”

శుక్రవారానికీ బుధవారానికీ మధ్య ఒక ఆదివారం ఉంది. ఆ ఆదివారం డైరీ చూశాను. “నాలుగు ఫోటోలు. నాలుగూ సరి. నాలుగో ఫోటో రష్యా అని చూడగానే తెలిసిపోయింది.”

విప్పేసి పీణ్యలో ట్రేలో ఉన్న లెన్సుతో మడివాళ మిద్దె మీద ఫోటో ఎలా వస్తుంది? ఆ రోజు అతను సంచి పట్టుకుని మిద్దె ఎక్కినట్టు గుర్తుంది. లెన్సు అందులో తెచ్చాడనుకున్నాను. అడగలేదు.

ఆ నాలుగు ఫోటోలూ తెరిచి, నా నియమం నేనే తప్పి, పెద్దవి చేశాను. చిన్న జపాను లెన్సు వెనక అద్దానికి అంచున ఒక పెచ్చు లేచి ఉంది. అది నా దగ్గరికి వచ్చిన రోజే రిజిస్టరులో రాసుకున్నాను. ఫోకస్‌లో లేని మెరుపులు బిళ్ళల్లా గుండ్రంగా పడతాయి. ఆ లెన్సుతో తీస్తే ప్రతి బిళ్ళలోనూ ఒక పక్క ఎలుక కొరికినట్టు నొక్కు కనబడుతుంది. వెనకాల స్టీలు ప్లేట్ల మెరుపులు చూశాను. నాలుగో ఫోటోలో నొక్కు ఉంది. రెండో ఫోటోలో కూడా, అదే చోట, అంతే నొక్కు. రెండూ చిన్న జపానుతో తీసినవే. డైరీలో రెండో ఫోటో పక్కన నేను రాసింది జర్మనీ: “కోసినట్టు అంచులు, చల్లదనం.” నాలుగో దాని పక్కన రష్యా: “వెన్న రాసినట్టు.” అసలు చిన్న జపాను ఏదంటే, మొదటి ఫోటో అని రాశాను. అందులో నొక్కు లేదు.

ఒకే లెన్సు, ఒకే గోడ, ఒకటి రెండు నిమిషాల తేడాలో తీసిన రెండు ఫోటోలు. ఒకదాన్ని చల్లన అన్నాను, ఇంకోదాన్ని వెన్న అన్నాను. అతను మూడు తప్పులకూ సరి అన్నాడు.

మర్నాడు ఉదయం ఆ డైరీ సంచిలో పెట్టుకుని, మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కి పీణ్యకు వెళ్ళాను. అతను లేత్ ముందు నిలబడి ఏదో బుష్ తిప్పుతున్నాడు. నన్ను చూసి మోటారు ఆపాడు.

“ఏమప్పా, ఫోన్ కూడా చేయకుండా వచ్చినావు? ఇన్‌స్పెక్షనా?”

“నీ చీటీల డబ్బీ చూపించు,” అన్నాను.

నూనెగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచాడంటే, నాకు జవాబు అక్కడే దొరికిపోయింది.

“యాడనో ఉండాది. వెతకాల.”

“రష్యా లెన్సు నువ్వు విప్పిపెట్టిన వారం, ఆదివారం నాలుగు ఫోటోలు తీసినావు. నాలుగోది దేనితో తీసినావు?”

“ఇన్ని నెలల మీదట అడిగితే యాడ గుర్తుంటాది?”

“నేను రష్యా అన్నాను. నువ్వు సరి అన్నావు.”

“అన్నా.” స్టూలు నా వైపు జరిపాడు. నేను కూర్చోలేదు. “సరి అన్నానప్పా. సరి అంటే ఏమి? సరి, కానీ, ముందుకు పో అని. కాఫీ తాగుతావా అంటే సరి అనవా? ఆటో వాడు మీటరు మీద ఇంకొంచెం ఇయ్యమంటే సరి అనవా? నువ్వు దాన్ని కరెక్టు అని రాసుకుంటే నేనేమి చేసేది?”

నిజమే, మా మాటల్లో సరి అంటే ఒప్పు అనీ అవుతుంది, అలాగే అనీ అవుతుంది. కన్నడంలోనూ అంతే. రోజుకు నూరుసార్లు వాడే మాట. ఒక్క క్షణం నేనే పొరబడ్డానేమో అనిపించింది.

“మరి ఇంకోతూరి చూడు అనేవాడివి? చీటీ చూసి కదా అనేది?”

“అన్నీ సుమ్నే, ఊరికే సరి సరి అంటా పోతే నీకు అనుమానం రాదా? మధ్యలో ఒకటి అట్ల…” అని ఆగిపోయాడు.

చెప్పకూడనిది చెప్పేశానని అతనికి తెలిసింది.

“అంటే చీటీలే లేవు,” అన్నాను.

“మొదట మూడు వారాలు రాసినా. ఒట్టు. ఆ పైన ఎవురు రాస్తారప్పా? ఒకతూరి వరుస మరిచిపోయినా. నువ్వేమో తెర ముందర కూర్చోని, పరీక్ష రాసిన పిల్లోని మాదిరి నా మొహం చూస్తా ఉండావు. మరిచిపోయినా అంటే ఆ వారమంతా గొణుగుతావు. సరి అంటిని. నీ మొహం చూడాల ఆ పొద్దు! మళ్ళీ వారం కూడా అంతే అంటిని.”

“తప్పంటే తప్పని చెప్పడానికి నీకేం భయం?”

“నీకు చెప్పి గెలిచినోడు ఎవుడన్నా ఉండాడా? ఫ్యాక్టరీలో నువ్వు గేజి పెట్టి రిజెక్ట్ అంటే, ముక్క బాగుందని తెలిసి కూడా సరి అని మళ్ళీ తిప్పిందెన్ని తూర్లో నీకు తెలుసునా? నిజం చెప్పాలంటే, నాకు ఆ నాలుగు ఫోటోలూ ఒక్క మాదిరే కనబడతా ఉండాయి. ఎప్పుడూ అంతే. ఆదివారం నీతో కూర్చోని ఒక కాఫీ తాగేదానికి వస్తాంటి. దాంట్లో తప్పేముండాది?”

ఆ మాటల్లో ఆప్యాయత ఉందని నాకు తెలియకపోలేదు. దాని వల్లే ఎక్కువ గాయమైంది. నాకు కావలసింది అతని ఆప్యాయత అయితే వారానికి ఏడు రోజులూ తీసుకునేవాణ్ణి. ఆదివారం ఉదయం ఆ అరగంట మాత్రం నేను అడిగింది కొలత. గేజి ఇచ్చే జవాబుకు దయ ఉండకూడదు. తొంభై పైచిలుకు ఆదివారాలు అతను నా చేతికి మైనంతో చేసిన గేజి ఇచ్చాడు. ఎక్కడ పెడితే అక్కడికి సరిపోయింది.

అయినా ఒక ఆశ మిగిలింది. మొదటి మూడు వారాల చీటీలు నిజంగా రాసి ఉంటే, అవి దొరికితే, పన్నెండు జవాబుల్లో ఎన్ని ఒప్పో తెలుస్తుంది. రెండేళ్ళు మోసపోయి ఉండవచ్చు, కానీ మొదట్లోనైనా నా కంటికి ఆ తేడా కనబడిందా, లేక ఎప్పుడూ లేనే లేదా? నాకు ఇక కావలసింది ఆ ఒక్క సంగతే. సంచిలోంచి డైరీ తీసి ఆ మూడు వారాల పేజీలు చూపించాను.

“ఆ మూడు చీటీలు వెతికి తెచ్చి ఇయ్యి. ఇంకేమీ అడగను.”

“ఉండు, ఈ పేజీలు ఫోన్లో ఫోటో తీసుకుంటా. వెతికేటప్పుడు తేదీ తెలవాల కదా,” అన్నాడు. తీసుకున్నాడు. నేను కాఫీ తాగకుండానే వచ్చేశాను. నలభై ఏళ్ళలో అతని దగ్గర అలా రావడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి మా ఇంటావిడకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. అది కూడా నాకు కష్టంగానే ఉంది.

“నీకు ముందే తెలుసా?”

“తెలిసేదానికి ఏముండాది? ఆయన పైకి పోయి నాలుగు తూర్లు టిక్కు టిక్కు అనిపించి, మూడు నిమిషాలకు దిగి వస్తాడు. నాలుగు లెన్సులు విప్పి బిగించేదానికి ఎంతసేపు పట్టాల? నేను మెట్ల పక్కన బట్టలు ఆరేస్తా చూస్తానే ఉంటి కదా.”

“నాకు చెప్పొద్దా?”

“మీరు అడిగితే కదా.”

ఆ మధ్యాహ్నం ఆమెకు లెన్సు బిగించడం నేర్పాను. డబ్బా మూత తిప్పినట్టే అంది, నాకంటే శుభ్రంగా బిగించింది. రోజుకు ఐదు చొప్పున నాలుగు రోజులు, ఏ లెన్సు ఎన్నిసార్లయినా రావచ్చన్న షరతుతో ఇరవై ఫోటోలు తీసింది. సరుకుల జాబితా రాసే నోటు పుస్తకంలో వరుస సంఖ్య వేసి, పక్కన లెన్సు పేరు రాసి, పుస్తకం బియ్యం డబ్బా మీద పెట్టి కొంగు దులుపుకుని వచ్చేది. నేను తెర ముందు కూర్చుని పెద్దది చేయకుండా చూసి చెప్పాను. నాలుగో రోజు ఇద్దరం కలిసి సరిచూశాం. ఇరవైలో ఆరు ఒప్పు. కళ్ళు మూసుకుని చెప్పినా ఐదు కుదురుతాయి.

“నాకైతే ఇరవై టవళ్ళు కనబడతా ఉండాయి,” అంది. తర్వాత నా మొహం చూసి, “ఆరు తక్కువేం కాదులెండి,” అంది. ఆమె కూడా ఆ పని మొదలుపెడుతుందేమోనని భయం వేసి పుస్తకం మూసేశాను.

కార్యదర్శికి ఫోన్ చేసి నాలుగు రోజులు గడువు అడిగాను. ఉపన్యాసం ఇవ్వాలో వద్దో ఆ మూడు చీటీల మీద ఉంది. కళ్ళు రెండేళ్ళు ముసలివయ్యాయని, ఇప్పుడు ఆరే వచ్చినా అప్పుడు ఎక్కువ వచ్చి ఉండవచ్చని నాకు నేను చెప్పుకున్నాను. పోగొట్టుకున్నవాడికీ, ఎన్నడూ లేనివాడికీ తేడా ఉంది కదా.

గురువారం ఉదయం నా స్నేహితుడు వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విప్పుతూ, “దొరికినాయప్పా! పాత డ్రిల్లు బిట్ల పెట్టెలో ఉండె,” అన్నాడు. ప్లాస్టిక్ కవరులోంచి మూడు చీటీలు తీసి బల్ల మీద పెట్టాడు. మూడు రకాల కాగితాలు, నూనె మరకలు, అతని వంకర అక్షరాలు. నేను డైరీ తెచ్చి ఒక్కొక్కటే సరిచూశాను. మొదటి వారం నాలుగూ ఒప్పు. రెండో వారం నాలుగూ ఒప్పు. మూడో వారం రెండు ఒప్పు, రెండు తప్పు. పెద్ద జపానును జర్మనీ అని, జర్మనీని పెద్ద జపాను అని తారుమారు చేశాను.

ఆ ఒక్క తారుమారే నన్ను నమ్మించింది. పన్నెండుకు పన్నెండు వచ్చి ఉంటే అనుమానించేవాణ్ణి. మధ్యలో ఒకటి తప్పు పెట్టడం అతని పద్ధతి అని వారం కిందట అతని నోటే విన్నవాణ్ణి, అయినా నమ్మాను. నమ్మాలని ఉంది, అంతే.

“చూసినావా? నీ కన్ను యాడికీ పోలేదు. నేనే గలీజు చేసినా,” అన్నాడు. మా ఇంటావిడ కాఫీ తెచ్చింది. ఇద్దరం తాగాం. మళ్ళీ సరిగ్గా పరీక్షలు చేద్దామని, ఈసారి చీటీలు ఆమె రాస్తుందని అన్నాను. అతను తలూపాడు. అతను వెళ్ళగానే కార్యదర్శికి ఫోన్ చేసి నెలాఖరుకు వస్తానని చెప్పాను.

చీటీలు డైరీలో అంటించాలి. జిగురు రాయడానికి ఒక్కొక్కటి బోర్లించాను. మొదటిది పాత డ్రాయింగు షీటు ముక్క. రెండోదానికి వెనక ఏమీ లేదు. మూడోది గోడ క్యాలెండరు నుంచి చింపిన రోజు కాగితం. ఒక పక్క రాహుకాలం, యమగండం అచ్చువేసి ఉన్నాయి. పైన వారం, తేదీ, నెల, సంవత్సరం. మొన్నటి మంగళవారానిది.

చీటీని మళ్ళీ తిప్పి అతని రాత చూశాను. డ్రిల్లు బిట్ల పెట్టె, నూనె మరకలు, మూడు రకాల కాగితాలు, మూడో వారంలో ఒక తారుమారు. ఎంత శ్రద్ధగా చేశాడో అనిపించింది. ఆ శ్రద్ధలో పదో వంతు ఆదివారాలు పెట్టి ఉంటే నాకు నిజం తెలిసేది. ఇప్పుడు ఇక తెలిసే దారి లేదు. మొదటి మూడు వారాలు చీటీలు రాశాననీ ఒట్టు వేశాడు. ఆ ఒట్టు ఏ కాగితం మీద ఉందో.

జిగురు రాసి, మూడో చీటీని తేదీ పైకి కనబడేలా అంటించాను. అతని రాత పేజీకి అతుక్కుపోయింది. పక్కన అది నాకు అందిన తేదీ వేశాను. కార్యదర్శికి మూడోసారి ఫోన్ చేసి, ఆ గంట ఇంకెవరికైనా ఇమ్మన్నాను. ఒంట్లో బాగాలేదా సార్ అని ఆమె అడిగారు. బాగానే ఉందని, చూపించడానికి రికార్డు లేదని చెప్పాను. “మీ వ్యాసం ఉంది కదా, దాన్నే చదివేయండి సార్, ఎవరు అడుగుతారు?” అన్నారు. ఆమె మంచి మనసుతోనే అన్నారు. వచ్చే సంచికలో నా వ్యాసానికి సవరణ వేయమని ఉత్తరం రాసి పంపాను.

నా స్నేహితుడు ఆదివారాలు వస్తూనే ఉన్నాడు. ఎనిమిదిన్నరకు వస్తాడు, కాఫీ తాగుతాడు, లేత్ బెల్టు గురించీ మోకాళ్ళ గురించీ చెబుతాడు. లెన్సులు బీరువాలో ఉన్నాయి. కెమెరా మాట అతను అడగడు, నేను తీయను. క్యాలెండరు కాగితం చూశానని అతనికి చెప్పలేదు. చెబితే దానికీ ఏదో ఒక కథ తెస్తాడు, నేను మళ్ళీ నమ్ముతానేమోనని నా భయం.

పోయిన వారం మెట్లు దిగుతూ ఒకసారి ఆగి వెనక్కి తిరిగాడు.

“ఆ చీటీలు భద్రంగా పెట్టినావా అప్పా?”

“డైరీలో అంటించినాను,” అన్నాను.

“మంచి పని చేస్తివి,” అని తృప్తిగా దిగి వెళ్ళాడు.